దుఃఖానికి ఒక శ్రోత

గోదావరిఖనిలో పుట్టి పెరిగినవారికి మరణం పుస్తకాలలో మాత్రమే ఎదురయ్యే విషయం కాదు. 2003 జూన్ 16న ఇక్కడి ఏడవ ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17 మంది కార్మికులు మరణించారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, 8ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించారు. అంతమంది ఒక్కసారి పోయినపుడు లోకం చెవియొగ్గుతుంది. ఒక్క మనిషి తన మంచంమీద కన్నుమూసినపుడు ఆ దుఃఖం ఆ ఇంటిదే. మా అబ్బాజాన్ అలాగే పోయారు. ముప్పై ఏండ్లు బాయి దిగి క్షేమంగా పైకి వచ్చిన మనిషిని గుండెపోటు ఇంటిలోనే తీసికొనిపోయింది.

మొదటి మూడు దినాలు మా పొయ్యి వెలుగలేదు. ఇరుగుపొరుగువారే, మతభేదం లేకుండా, అన్నం తెచ్చి పెట్టారు. అటుపిమ్మట కాగితాలు వచ్చాయి. మరణ ధ్రువపత్రం, గ్రాట్యుటీ, భవిష్యనిధి, క్వార్టరు విషయం. అమ్మీ ఇద్దత్‌లో ఉన్నందున ఆ నాలుగు నెలల పది దినాలు కాగితాలను ఇంటికే తెచ్చి ఆమె వేలిముద్ర తీసికొన్నాము. సిరా తుడుచుకొంటూ ఆమె ఏమనుకొన్నదో తెలియదు. విధులలో ఉండగా కార్మికుడు మరణిస్తే కుటుంబంలో అర్హులైన ఒకరికి కారుణ్య నియామకం లభిస్తుంది. అది మా వంటి కుటుంబాలకు నిజంగా ప్రాణాధారమే. అయినా పరామర్శకు వచ్చిన పదిమందిలో ఎనిమిదిమంది అడిగిన ప్రశ్న ఒక్కటే: ఉద్యోగం ఎవరికి?

ఉద్యోగం తమ్మునికి వచ్చింది. తండ్రి పోయిన దుఃఖం, తండ్రి పోయినందువల్లనే దొరికిన జీతం, రెండూ ఒకే ఇరవై రెండేండ్ల కుర్రవాని నెత్తిన పడ్డాయి. జనాజా నాడు కూడా వాడు ఏడ్వలేదు. అందరూ మెచ్చుకొన్నారు, గట్టివాడని. వాడు మాత్రం రెండవ షిఫ్టు వదిలే వేళకు లేచి వీధితలుపు గడియ తీసేవాడు. అబ్బాజాన్ ఇంటికి వచ్చే వేళ అది. కాసేపు నిలబడి, మరల గడియ వేసి పడుకొనేవాడు. నిద్ర మాత్రం పట్టేది కాదు. ఏడెనిమిది నెలలైనా ఇదే తంతు. తిండి తగ్గింది. నాగాలు పెరిగాయి.

సబర్ చేయమన్నారు పెద్దలు. ఆ మాట మాకు ప్రాణసమానమైనదే. కాని సబర్ అంటే నోరు మూసికొనడమని ఎవరు చెప్పారు? యాఖూబ్ నబీ కుమారుడు యూసుఫ్ కొరకు ఏడ్చి ఏడ్చి కండ్లు తెల్లబడిపోయిన వృత్తాంతం ఖుర్ఆన్‌లోనే ఉన్నది. మహాప్రవక్త తమ పసికుమారుడు ఇబ్రాహీం మరణించినపుడు కన్నీరు పెట్టుకొన్నారని హదీసులు చెబుతున్నాయి.

చివరకు తమ్ముని ఒక మానసిక వైద్యుని వద్దకు తీసికొనిపోయాము. పిచ్చివారి డాక్టరని బంధువులు గొణిగారు. ఆ వైద్యుడు మందుచీటీ వ్రాయడానికి తొందరపడలేదు. మీ నాయన ఎటువంటి మనిషి అని అడిగాడట. అన్ని నెలలలో వానిని ఆ మాట అడిగినవారు లేరు. అబ్బాజాన్ సద్దిడబ్బాలో రోజూ ఒక ముద్ద మిగిల్చి తెచ్చేవారనీ, చిన్ననాడు ఆ ముద్ద కోసమే తాను మేలుకొని ఉండేవాడిననీ వాడు చెప్పాడు. అక్కడే ఏడ్చాడు. ఆరేడు సార్లు పోయి వచ్చాడు. దుఃఖించే ప్రతి మనిషికీ వైద్యుడు అవసరమని మేము చెప్పడం లేదు. చాలామందిని కాలమూ అయినవారూ ఒడ్డున చేరుస్తారు. అయితే ఆరు నెలలకు పైబడి మనిషిని కదలనీయక కట్టివేసే దుఃఖానికి, 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ వర్గీకరణలో వేరుగా ఒక పేరే ఉన్నది. పేరున్నదానికి చికిత్స కూడా ఉన్నది.

మన బాధ వంటిదే మరొక బొగ్గుసీమ పడింది. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్ అనే ఊరిమీదికి గనిచెత్త గుట్ట జారి, బడిని ముంచివేసింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు మరణించారు. నాడు ప్రాణాలతో బయటపడిన పిల్లలలో 41 మందిని 33 ఏండ్ల పిమ్మట పరిశీలిస్తే, 12 మందిని ఆ దినపు భయం ఇంకను వదలలేదు. ఆ పరిశీలన ప్రచురింపబడినది 2003లో, ఇక్కడ ఏడవ ఎల్.ఇ.పి.లోనికి నీరు వచ్చిన ఏటనే.

తెలుగు పాఠం చెప్పే వృత్తి గనుక మాకు రెండు కావ్యఘట్టాలు గుర్తుకు వస్తాయి. రఘువంశంలో ఇందుమతి మరణించినపుడు వసిష్ఠుడు శిష్యునిచేత అజమహారాజుకు ఉపదేశం పంపుతాడు. అందులో తర్కానికి లోటు లేదు. అది రాజు హృదయంలో నిలువలేదు. కుమారుడు చిన్నవాడని ఎనిమిదేండ్లు ఓర్చి, ఆ దుఃఖంతోనే దేహం విడిచాడు. భారతయుద్ధం ముగిసిన పిమ్మట ధర్మరాజు రాజ్యమే వద్దన్నాడు. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు అతని మాట విన్నారు, వాదించారు, కోపించారు కూడా. తుదకు అంపశయ్యపై ఉన్న భీష్ముని కడకు తీసికొనిపోయారు. ధర్మరాజు అడుగుతూపోయాడు, ఆయన చెబుతూపోయాడు. తిక్కన శాంతిపర్వాన్ని నీతిశాస్త్రమని చదువుతాము. ఒకసారి దుఃఖితుని సంభాషణగా చదివి చూడండి.

అమ్మీ మాత్రం వైద్యుని వద్దకు రానన్నది. ఆమెకు నమాజు ఉన్నది, సాయంత్రం గోడవద్ద నిలబడి మాట్లాడే పొరుగింటి వదినగారు ఉన్నారు. మేము బలవంతం చేయలేదు.

మన విద్యార్థులలో తండ్రినో అన్ననో పోగొట్టుకొని కాగితాల వెంట తిరుగుతున్నవారు ప్రతి సంవత్సరం కనబడుతూనే ఉంటారు. వారికొరకు ఒక మాట. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అనే సంఖ్యకు ఫోను చేస్తే, శిక్షణ పొందినవారు రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే వింటారు. పట్నం పోనక్కరలేదు, బంధువుల గొణుగుడూ ఉండదు.

తమ్ముడు ఇప్పుడు షిఫ్టుకు సక్రమంగా పోతున్నాడు. అబ్బాజాన్ సద్దిడబ్బానే తీసికొనిపోతాడు. ఒక్కొక్క రాత్రి గడియ చప్పుడు ఇంకను వినబడుతుంది. అపుడు మాలో ఎవరో ఒకరం లేచి వాని ప్రక్కన కూర్చుంటాము.