మోకాలి లోతు సముద్రం

కొచ్చి వెళ్దామనగానే అమ్మ అడిగిన మొదటి మాట, ''గురువాయూరు అక్కడికి దగ్గరేనా?'' అని. దర్శనం చేయిస్తానని మాటిచ్చి, ఒక్కరోజు మాత్రం నాకోసం ఉంచుకున్నాను. 2017 సంక్రాంతి సెలవులవి. ఫోర్ట్ కొచ్చిలో బినాలె జరుగుతోంది. 2012 డిసెంబరు 12న మొదలైన ఈ కళాప్రదర్శన రెండేళ్లకోసారి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఊళ్లోని పాత గోదాములూ బంగళాలూ బొమ్మల కొలువులైపోతాయి.

ఎర్నాకుళంలో బోటెక్కి ఫోర్ట్ కొచ్చిలో దిగాం. చీనా వలలు చూసుకుని ఆస్పిన్‌వాల్ హౌస్‌కి నడిచాం. 1867లో ఒక ఇంగ్లిష్ వ్యాపారి పెట్టిన కంపెనీ మిరియాలు, కొబ్బరినూనె, పీచు ఓడలకెక్కించిన చోటది. నీటి ఒడ్డునే ఉంటుంది. గదులన్నీ తిరిగాం. అమ్మకి ఒక్కటీ ఎక్కలేదు. ''దీనికా ఇంతదూరం తీసుకొచ్చావ్?'' అంది. నాకూ సగం అర్థం కాలేదు కానీ పైకి చెప్పలేదు.

ఒక గోదాము దగ్గర చెప్పులు విడవాల్సొచ్చింది. లోపల ఈ చివర నుంచి ఆ చివరికి సముద్రపు నీరు, మోకాలి లోతు. బొమ్మలేం లేవు. గోడల మీద మనల్ని నిలదీసే చిన్న చిన్న ప్రశ్నలు. చిట్టచివరి గోడ మీద ఒక కవిత. అది చదవాలంటే నీళ్లలో నడిచి తీరాల్సిందే. చేసింది చిలీ కవి రౌల్ సురీతా. 1973లో అక్కడ సైన్యం గద్దెనెక్కినప్పుడు ఆయన్ని పట్టుకుని ఓడ అడుగున బంధించారు. ఈ గదికి ఆయన పెట్టిన పేరు 'వేదనా సముద్రం'.

అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నాకంటే ముందే దిగింది.

చివరి గోడ దగ్గర ఆమెకి తెలుగులో చెప్పాను. 2015 సెప్టెంబరులో టర్కీ ఒడ్డుకి కొట్టుకొచ్చిన సిరియా పసివాడు అలన్ కుర్దీ ఫొటో లోకమంతా చూసింది. అదే పడవ మునిగి వాడి అన్న గాలిబ్ కూడా పోయాడు. ఆ ఫొటోలో వాడు లేడు. ఈ గది వాడికోసం.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ''మా తమ్ముడి ఫొటో కూడా లేదు కదే'' అంది.

అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆమెకి పద్నాలుగేళ్లు. చెట్టు కొమ్మ పట్టుకుని బతికింది. ఆరేళ్ల తమ్ముడు మళ్లీ దొరకలేదు. ఇంట్లో అంతవరకే తెలుసు మాకు. అంతకుమించి అమ్మెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ రోజు నీళ్లలో నిలబడే చెప్పింది. వాడికి తేగలంటే ప్రాణమట. రాత్రిళ్లు అక్క పక్కనే పడుకునేవాడట. ఎడమచెవి వెనక పుట్టుమచ్చ ఉండేదట. వెనకాల జనం మమ్మల్ని దాటుకుని వెళ్తున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు.

మర్నాడు గురువాయూరులో వాడి పేరు చెప్పి దీపం వెలిగించింది. నలభై ఏళ్లలో మొదటిసారి.

ఆ ప్రదర్శనతోపాటే ఆ గదీ వెళ్లిపోయింది. బినాలె మాత్రం వస్తూనే ఉంది, సాధారణంగా డిసెంబరు నుంచి మార్చి దాకా. అటు వెళ్తే ఒక పూట ఉంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకి అర్థం కాదులే అని హోటల్‌లో మాత్రం వదిలేసి వెళ్లకండి.