పసుపు గీత లోపల

పాశమైలారంలో నేను పనిచేసిన మందుల కంపెనీలో సాల్వెంట్ యార్డు గేటు దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. షిఫ్టుకొచ్చినవాళ్లు అగ్గిపెట్టెలు, లైటర్లు, బీడీ కట్టలు, సెల్‌ఫోన్లు అందులో వేసి జేబులు తడిమించుకుని లోపలికి పోవాలి. ఆ యార్డులోని టొల్యూన్ అనే సాల్వెంట్ 4 డిగ్రీల చలిలోనే మంటందుకునే ఆవిరి వదులుతుంది. ఇక మా దగ్గరి మే నెల ఎండలో దాని సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే మేనేజరైనా హెల్పరైనా ఆ గేటు దగ్గర బతిమాలడాలు ఉండేవి కావు.

రోడ్డెక్కితే లోకం వేరు. 2013 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గుట్కాను నిషేధించింది. ఇస్నాపూర్ పాన్ డబ్బాల ముందు వేలాడే దండలు పోయాయి గానీ సరుకు పోలేదు. తెలిసిన మొహమైతే చాలు, బల్ల కిందనుంచి వచ్చేది. ఖైనీకైతే ఆ చాటు కూడా లేదు. బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన కూలీలతో పాటు మా కుర్రాళ్లూ అరచేతిలో సున్నం వేసి నలపడం నేర్చారు.

2018లో సింగపూర్ షిప్‌యార్డు పనికి కొందరం కలిసి బయల్దేరాం. మాతో జహీరాబాద్ వైపు వెల్డరన్న ఒకాయన ఉన్నాడు. గదిలో ఆయన సామాను సర్దుతుంటే చూశాను. మామిడికాయ తొక్కు డబ్బా చుట్టూ లుంగీ, లుంగీ మడతల్లో ఖైనీ పొట్లాలు.

"అన్నా, ఆ దేశంల ఇది నడవదంట."

"సిగరెట్టా ఏందిర? పొగ లేదు, అగ్గి లేదు. ఎవనికేం నొప్పి?"

సాల్వెంట్ యార్డు లెక్కన ఆయన మాటలో తప్పులేదు. కానీ గుట్కా, ఖైనీ, జర్దాలను సింగపూర్ 2016 ఆగస్టు 1 నుంచి నిషేధించింది. సొంతానికని తెచ్చుకున్నా ఒప్పుకోరు. సిగరెట్లకు నిషేధం లేదు గానీ సుంకం ఉంది. మన దేశంలోకి వచ్చేవాళ్లకు 100 సిగరెట్ల దాకా సుంకం మాఫీ. అక్కడ ఒక్కదానికీ మాఫీ లేదు, జేబులో ఉంటే రెడ్ చానల్‌లోకి వెళ్లి చెప్పి కట్టాల్సిందే.

చాంగీ విమానాశ్రయంలో అన్న సంచి పక్కకు తీశారు. ఆఫీసరమ్మ చేతి తొడుగులేసుకుని లుంగీ విప్పి, పొట్లాలను బల్ల మీద వరసగా పేర్చి లెక్కపెట్టింది. గొంతు పెంచలేదు. తొక్కు డబ్బా మాత్రం జాగ్రత్తగా తిరిగి సంచిలో పెట్టింది. పొట్లాలు పోయాయి, కాగితం మీద సంతకం పెట్టించుకుని ఈసారికి వదిలేశారు. తొడుగుల చేతుల వంకే చూస్తూ నిలబడ్డ అన్న, బయటికొచ్చాక "తిట్టిన బాగుండు" అన్నాడు.

ఖైనీ దొరక్క అన్న సిగరెట్లకు మళ్లాడు. పెట్టె 13, 14 డాలర్లు. మా రోజు కూలి 18. అందుకే సాయంత్రం ముగ్గురు నలుగురు ఒక్క సిగరెట్‌నే చేతులు మార్చుకునేవాళ్లు. అదీ నేల మీద పసుపు రంగు గీసిన గడి లోపలే. గడి దాటి కాలిస్తే 200 డాలర్ల జరిమానా, కోర్టుకెక్కితే 1000 దాకా. వాన పడుతున్నా ఎవరూ గీత దాటి చూరు కిందికి జరిగేవారు కాదు. "దేశమంతా మన సాల్వెంట్ యార్డే రా" అని నవ్వాడొకరోజు అన్న.

ఇప్పుడు మా వైపు కుర్రాళ్లు విదేశాలకు పోయేముందు నా దగ్గరికొస్తారు. ముందు సంచి విప్పమంటాను. లైటర్ ఉంటే శంషాబాద్‌లోనే తీసేస్తారని చెబుతాను. ఈ-సిగరెట్ ఉంటే తీయించేస్తాను. 2019 నుంచి ఇక్కడే దాని అమ్మకం నిషేధం, సింగపూర్‌లో దగ్గరుంటేనే నేరం. మొన్న ఒకడు అంతా విని మెల్లగా అడిగాడు.

"దొరికితే ఎంత ఇయ్యాలె కాకా?"

"ఇచ్చుడు లేదు బిడ్డా. కట్టుడే. రసీదు గూడ ఇస్తరు."