ఎక్కిన సంగతి

ఇటీవల జంషెడ్‌పూర్ వెళ్లినప్పుడు చిన్ననాటి మిత్రులం నలుగురం బిష్టుపూర్‌లో కలుసుకున్నాం. ఎన్నికలతో మొదలైన మాట మా తొలి సైకిళ్ల దగ్గర ఆగింది. లావు టైర్ల హీరో రేంజర్ మాకు అప్పట్లో కొండబండి. గేర్లు లేవు, తడిస్తే బ్రేకులు పట్టేవి కావు. అయినా దానిమీదే దల్మా కొండ దిగేవాళ్లం.

"ఆ వేగం మళ్లీ రాదురా" అన్నాడొకడు. "మరి ఎక్కిన సంగతి ఎవరికైనా గుర్తుందా?" అన్నాడు ఇంకొకడు. అందరం మౌనం వహించాం. సుమారు మూడు వేల అడుగుల కొండ. సగం పొద్దు సైకిలు నెట్టుకుంటూ ఎక్కితేనే ఆ కాసేపటి దిగుడు. జ్ఞాపకం మాత్రం దిగుడునే దాచుకుంది.

శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన మా తండ్రుల సైకిళ్లు ఏ కొండా దిగలేదు. షిఫ్టుకు వెళ్లాయి, ఇంటికి వచ్చాయి. ఈ ఊరి ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలైంది. దేశమంతటా పనిగంటలకు చట్టం ఆ హద్దు గీయడానికి దశాబ్దాలు పట్టింది. షిఫ్టు తర్వాత మిగిలిన ఆ గంటల్లోనే తండ్రులు మాకు సైకిలు తొక్కడం నేర్పారు.

కర్మాగారాల్లో రోజువారీ పనిని తొమ్మిది నుంచి పది గంటలకు పెంచాలని 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. అదనంగా ఒక్క గంటేగా అంటున్నారు. హక్కుల కొండ ఎక్కడానికి తరాలు పడతాయి. దిగడానికి ఒక్క సంతకం చాలు. తడిసిన బ్రేకులతో దిగినవాళ్లం కాబట్టి చెబుతున్నాను: దిగేటప్పుడు వేగం మన చేతిలో ఉండదు.