నేను అడగని ప్రశ్న

ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రులలో రక్తపోటు రోగులను చూశాను. ఉప్పు తగ్గించారా, చుట్ట మానారా, మాత్రలు క్రమంగా వేసుకుంటున్నారా అని అడిగేవాడిని. రాత్రి నిద్ర ఎలా పడుతున్నదని అడిగిన సందర్భాలను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

ఆ ప్రశ్న విలువ పదవీ విరమణ తరువాత, నేనే రోగినైనప్పుడు తెలిసింది. మూడు రకాల మాత్రలు వాడుతున్నా నా రక్తపోటు 150/96 నుంచి దిగేది కాదు. లేవగానే తలనొప్పి, పగలు పేపరు చదువుతూ కునికిపాట్లు. వయసు ప్రభావమనుకున్నాను. "మీ గురక ఉన్నట్టుండి ఆగిపోతుందండీ, మళ్లీ ఊపిరి తీసుకునేదాకా నా ప్రాణం నిలవదు" అని నా భార్య ఎన్నోసార్లు చెప్పింది. నవ్వేసి ఊరుకున్నాను.

చివరకు ఆమె పోరు పడలేక నిద్ర పరీక్ష చేయించుకున్నాను. గంటకు సగటున 34 సార్లు శ్వాస ఆగడమో, బాగా సన్నగిల్లడమో జరుగుతున్నదని తేలింది. 30 చేరితే వ్యాధి తీవ్రమైనదని లెక్క.

ఆరోగ్యవంతునికి నిద్రలో రక్తపోటు పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకు దొరికే విశ్రాంతి అది. గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతే రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడుతుంది, అడ్రినలిన్ వంటి హార్మోన్లు పొంగుతాయి, రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. నిద్రించేవానికి ఇదేమీ తెలియదు. ఏళ్ల తరబడి ఇలా సాగితే పగటి రక్తపోటు కూడా మాత్రలకు లొంగదు; గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ప్రమాదమూ పెరుగుతుంది. నిద్రపడుతుందని రాత్రి మద్యం పుచ్చుకునేవారు ఆ కండరాలను మరింత సడలించుకుంటున్నారు.

గురక లేకపోయినా చాలినంత నిద్ర లేనివారికి కూడా రక్తపోటు ముప్పు ఉన్నది. 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె ఆరోగ్యానికి గమనించవలసిన అంశాలలో నిద్రను ఎనిమిదవదిగా చేర్చింది. పెద్దలకు 7 నుంచి 9 గంటలు కావాలన్నది. మా చదువులో ఆ పాఠానికి చోటు లేదు.

ఇప్పుడు సీపాప్ యంత్రం పెట్టుకుని పడుకుంటున్నాను. మాస్కుకు అలవాటుపడడానికి నెల పట్టింది. బరువు కూడా కొంత తగ్గాను. రక్తపోటు 136/84కు వచ్చింది. మాత్రలు మానలేదు, యంత్రం వాటికి ప్రత్యామ్నాయం కాదు.

ఒక లారీ డ్రైవరు తరచు గుర్తుకు వస్తాడు. మెడ లావుగా ఉండే మనిషి, కూర్చున్నచోటే కునుకు తీసేవాడు. ఎన్ని మాత్రలు పెంచినా రక్తపోటు దిగలేదు. ఒకనాడు అతని భార్య "రాత్రిళ్లు ఈయన..." అని ఏదో చెప్పబోయింది. వెనుక వరుస పెద్దదిగా ఉన్నది. "బయట కూర్చో అమ్మా" అని, చీటీలో ఇంకొక మాత్ర చేర్చాను. వాళ్లు మళ్లీ రాలేదు.