ముందు పని అడగాలి

కాలిఫోర్నియా కొండల్లో పాయిజన్ ఓక్ అనే పొద విచ్చలవిడిగా పెరుగుతుంది. అడవి మంటలు ఆర్పేవాళ్లు, కంచెలు బాగుచేసేవాళ్లు దాని ఆకు రాసుకుని, చేతులు బొబ్బలెక్కి మా క్లినిక్‌కు వస్తారు. ఆ ఆకులోని ఉరుషియాల్‌కీ, జీడి పిక్క పెంకులోని నూనెకీ రసాయనపరంగా దగ్గరి చుట్టరికం ఉంది. మొక్కలు రెండూ ఒకే కుటుంబానివి. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఫ్రెస్నోలో ఆ బొబ్బలు నాకు కొత్త కాలేదు.

నేను చేసేది ఆక్యుపేషనల్ మెడిసిన్. పని వల్ల వచ్చే జబ్బులను కనిపెట్టడం, నయం చేయడం, అసలు రాకుండా చూడడం. పలాస దగ్గరి పూండిలో దీన్ని వివరించడం అంత తేలిక కాదు. "ఏటే అమ్మీ, సూదెయ్యవు, కోత కొయ్యవు, నువ్వేటి డాక్టరువి?" అని మా పిన్ని అడిగింది. ఆమె జీడి ఫ్యాక్టరీలో పెంకు కొట్టే పనిలో వయసంతా గడిపిన మనిషి. వేళ్ల కొసలు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. "నీ చేతులు అలా అవకుండా చూసే డాక్టర్ని పిన్నీ" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "మరి అలాటోలు మన కాడ లేరేటి?" అంది.

విశాఖలో ఎంబీబీఎస్ చదివేటప్పుడు నాకు ఈ శాఖ మీద ధ్యాసే లేదు. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఓపీలో జనం బారులు తీరి ఉండేవారు. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి అని అడిగి మందు రాసేవాళ్లం. ఏ పని చేస్తావని అడిగే తీరిక ఉండేది కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం రాసి, రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో ఇది కూడా చేర్చమన్నాడు. అమెరికా వచ్చాక ఒక ఏడాది క్లినికల్ శిక్షణ, ఆపైన రెండేళ్లు ఈ శాఖలో రెసిడెన్సీ, దానితోపాటే ప్రజారోగ్యంలో మాస్టర్స్ చదివాక ఆ ప్రశ్న విలువ నాకు తెలిసింది.

వంటింటి గట్లకు వేసే కృత్రిమ రాతి పలకల్లో తొంభై శాతం దాటి సిలికా ఉండొచ్చు. వాటిని కోసే కుర్రాళ్లు ఆ దుమ్ము పీల్చి, ఊపిరితిత్తులు గట్టిపడి, నడివయసు రాకముందే ఊపిరితిత్తుల మార్పిడి దాకా వెళ్తున్నారు. అలాంటివాడు ఒకడు వచ్చినప్పుడు మిగతా డాక్టర్లకు అతనొక్కడే రోగి. నాకు మాత్రం అతనితోనే పని మొదలవుతుంది. ఆ షెడ్డులో ఇంకెంతమంది ఉన్నారు? రంపం మీద నీళ్లు పడుతున్నాయా? దుమ్ము లాగే యంత్రం ఉందా? మాస్కు ఎలాంటిది? దగ్గు ఇంకా మొదలవని వాళ్లను కూడా పిలిపించి ఎక్స్‌రేలు, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షలు చేయిస్తాను. కాలిఫోర్నియా 2023 చివర్లో ఈ పని మీద నిబంధనలు బిగించింది. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. ఈ మార్పుల వెనుక ఎక్కడో ఒక డాక్టరు "నువ్వు ఏ పని చేస్తావు?" అని అడగడం ఉంది. నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చేది ఇదే. రాత్రి డ్యూటీలు లేకపోవడం, పిల్లలతో కూర్చుని భోంచేయగలగడం ఆ తర్వాతి సంగతులు.

ఇందులో కష్టమూ ఉంది. ఫీజు యజమాని కడతాడు, రోగి మాత్రం పనివాడు. యజమానికి నేను రాసేది ఆ మనిషి ఏ పని చేయొచ్చు, ఏది చేయకూడదు అన్నంతవరకే. జబ్బు వివరాలు రాయను. నడుం దెబ్బతిన్న ఒకతన్ని తొందరగా పనిలోకి పంపమని ఒక కంపెనీ గట్టిగా అడిగింది. కుదరదన్నాను. ఆ తర్వాత వాళ్లు మా దగ్గరికి ఎవర్నీ పంపలేదు. అతని నడుం బాగుపడింది, నాకు అది చాలు.

బాదం తోటల్లో కోతల కాలమంతా ఎండలే. 2005 నుంచి కాలిఫోర్నియాలో బయట పనిచేసేవాళ్ల కోసం ఎండ నిబంధనలు ఉన్నాయి. మనిషికి గంటకు దాదాపు లీటరు నీళ్లు అందుబాటులో ఉంచాలి, అడిగినప్పుడు నీడన కూర్చోనివ్వాలి. నికరాగ్వా చెరకు తోటల్లో యువ కూలీలకు కిడ్నీలు పాడవుతుంటే, ఒక పెద్ద చక్కెర మిల్లులో నీళ్లు, నీడ, విరామం పెంచారు. కిడ్నీ దెబ్బతినే కేసులు తగ్గాయి. ఆ పరిశోధనలు చదివిన ప్రతిసారీ, కిడ్నీ జబ్బులతో అల్లాడుతున్న మా పలాస వైపు ఉద్దానం నా మనసులో మెదులుతుంది. అక్కడి జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. నీరు, ఎండ, పురుగుమందులు, నొప్పి మాత్రలు అంటూ అనుమానాలు చాలా ఉన్నాయి. నికరాగ్వా జవాబే ఉద్దానం జవాబు అనే ధైర్యం నేను చేయను. కానీ మనిషి ఏ పనిలో, ఎంత ఎండలో, ఎన్నేళ్లు గడిపాడో రాసుకోకపోతే ఆ అనుమానాన్ని నిజమనీ అనలేం, కాదనీ అనలేం.

పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. నాకు ఎంతో సంతోషమైంది. దాని పక్కనే పనివాళ్ల ఆరోగ్యానికి ఒక విభాగం రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. దీనికి అమెరికా రానక్కర్లేదు. ఎంబీబీఎస్ తర్వాత మూడు నెలల్లో పూర్తయ్యే, పారిశ్రామిక ఆరోగ్యానికి సంబంధించిన ఏఎఫ్ఐహెచ్ కోర్సు మన దేశంలోనే ఉంది. ఫ్యాక్టరీ డాక్టరుగా చేరాలంటే అడిగేది అదే. అహ్మదాబాదులో 1966 నుంచి జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పనిచేస్తోంది. శ్రీకాకుళంలో వైద్యం చదువుతున్న ఒక అమ్మాయి ఎక్కడ మొదలుపెట్టమంటారని అడిగితే, పలాసను ఆనుకున్న కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల నుంచి అన్నాను. పెంకు కొట్టేవాళ్ల చేతులు చూడు, చేతొడుగులు ఇచ్చారో లేదో, ఇచ్చినా చేసిన పనిని బట్టి వచ్చే కూలికి అడ్డమని తీసేస్తున్నారో కనుక్కో. తోటల నుంచి వచ్చినవాళ్లను, చేపల వేటకు వెళ్లేవాళ్లను నిదానంగా అడుగు: ఎన్నింటికి పనిలోకి దిగుతావు? నీళ్లు ఎక్కడివి, ఎన్నిసార్లు తాగుతావు? నొప్పులకు ఏ బిళ్ల వేసుకుంటావు? తిత్లీ తుఫానుకు ముందు తోటపనేనా, ఆ తర్వాత వలస వెళ్లి ఎక్కడ, ఏం పని చేశావు?