బొగ్గు తప్ప ఏముంది మా ఊళ్ళో?

మా గోదావరిఖనికి కొత్తగా వచ్చినవాళ్ళు వారం తిరక్కుండానే ఒక ప్రశ్న వేస్తారు. "ఇక్కడ చూడ్డానికేముందండీ?" అని. బ్యాంకు ఆఫీసరు భార్య అయినా, బదిలీ మీద వచ్చిన టీచరమ్మ అయినా అదే ప్రశ్న. పొద్దున ఉతికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగే ఊళ్ళో ఏముంటుందని వాళ్ళ ఉద్దేశం. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

పోయిన దసరా సెలవులప్పుడు ఓ పిల్ల అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. 2022 నవంబరులో రాష్ట్రంలో ఒకేసారి ఎనిమిది మెడికల్ కాలేజీలు ప్రారంభమయ్యాయి కదా, వాటిలో మా రామగుండం ఒకటి. మా అమ్మాయి అందులోనే చదువుతోంది. ఆదివారం వస్తే చాలు, హాస్టలు పిల్లల్ని ఇద్దర్ని వెంటేసుకుని ఇంటికి దిగుతుంది. ఒకమ్మాయిది నల్లగొండ. ఇంకొకమ్మాయిది ఎక్కడో రాజస్థాన్. పాపం, మన పప్పుచారుకు అలవాటు పడింది. తెలుగు కూడా ముక్కలు ముక్కలుగా వచ్చేసింది.

"ఇంటికి ఏం తీసుకెళ్తున్నావమ్మా?" అని అడిగాను ఆ రాజస్థాన్ పిల్లని.

"హైదరాబాద్‌లో కరాచీ బిస్కెట్లు కొంటాను ఆంటీ. ఇక్కడ ఏమీ దొరకదు కదా. మా అమ్మ పక్కింటివాళ్ళతో నేను హైదరాబాద్‌లోనే చదువుతున్నానని చెప్తుంది" అంది. పిల్ల మనసులో ఏమీ లేదు, ఉన్నమాటే అంది.

మా వారు వరండాలో కూచుని వింటున్నారు. 1988లో బదిలీ ఫిల్లరుగా బాయిలో చేరి, తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తి, తర్వాత సపోర్ట్‌మన్ అయిన మనిషి. వచ్చే మార్చికి అరవై ఒకటి నిండి దిగిపోతారు. ఆ తర్వాత క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మా అబ్బాయి "హైదరాబాద్ వచ్చెయ్యండమ్మా, ఆ దుమ్ములో ఇంకెందుకు" అని ఫోనులో రోజూ పోరుతున్నాడు. ఇటువంటప్పుడు, మేం ఇన్నేళ్ళు కాపురం చేసిన ఊరి పేరు చెప్పడానికే ఆ తల్లి మొహమాటపడుతోందంటే ఎలా ఉంటుంది చెప్పండి? అయిదున్నరేళ్ళు ఇక్కడి నీళ్ళు తాగి, ఇక్కడి రోగుల చేతులు పట్టుకుని డాక్టరయ్యే పిల్ల, మా ఊరిని దుమ్ముగా మాత్రమే గుర్తుపెట్టుకుని పోతుందా?

నేనింకా ఏదో అనేలోపే నల్లగొండ అమ్మాయికి ఓ ఆలోచన వచ్చింది. బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన పెళ్ళలు పడుతుంటాయి కదా, నిగనిగలాడే పెళ్ళ ఒకటి ఏరి గాజుసీసాలో పెట్టి ఇస్తే భలేగా ఉంటుంది అంది. మా వారు ససేమిరా అన్నారు. "అది కంపెనీ సొత్తు బిడ్డా. ముట్టుకుంటే చెయ్యి నల్లగైతది, జేబుల పెట్టుకుంటే కేసైతది" అన్నారు. పిల్లలు పకపకా నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. ఇన్నేళ్ళలో ఇంటికి చారెడు బొగ్గుపొడి కూడా తేలేదాయన, ఒంటికి అంటుకొచ్చింది తప్ప!

సరే, ముందు ఊరు చూపిద్దాం, తర్వాత కానుక సంగతి ఆలోచిద్దాం అనుకున్నాను. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా వీలు చిక్కిన ఆదివారాలన్నీ అదే పని. మీ ఇంటి దగ్గర్లోనూ హాస్టలు పిల్లలుంటే ఈ వివరాలు పనికొస్తాయని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు రామగిరి ఖిల్లా. సెంటినరీ కాలనీ దాటి బేగంపేట పోతే గుట్ట మొదలవుతుంది. ఆ కాలనీ దగ్గరే మంథని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఉంది, 2010లో పెట్టారు. అక్కడి పిల్లలకు గుట్ట రోజూ కళ్ళెదురుగా ఉంటుంది. కాకతీయుల నుంచి గోల్కొండ నవాబుల దాకా ఎందరో ఏలిన కోట. గోడలు, దర్వాజాలు, తుప్పుపట్టిన ఫిరంగులు ఇంకా ఉన్నాయి. అయితే మా మెడికల్ పిల్లలకు కోటకంటే గుట్ట మీది చెట్లే పిచ్చెక్కించాయి. రామగిరి మూలికలకు పేరుబడ్డది. ఆయుర్వేదం, వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు ఎక్కడెక్కడినుంచో వస్తుంటారు. శ్రావణమాసంలో మామూలు జనం కూడా గుంపులు గుంపులుగా ఎక్కుతారు. మాతో వచ్చిన ఊరి పెద్దాయన ఒక్కో ఆకూ చూపించి, ఇది నేలవేము, ఇది తిప్పతీగ అని చెబుతుంటే పిల్లలు పుస్తకంలో రాసుకున్నారు. పీకనివ్వలేదు లెండి. ప్రతివాళ్ళూ తలా ఒక మొక్క పీక్కుపోతే గుట్ట బోడిగుండవుతుందని ఆయనే కోప్పడ్డాడు. తెల్లారకముందే బయల్దేరండి. మనిషికి రెండు సీసాల నీళ్ళు పెట్టుకోండి, పైన దుకాణాలేమీ ఉండవు. తోడుగా ఊరి మనిషి లేకుండా ఆడపిల్లల్ని పంపకండి.

రెండోది ధూళికట్ట. ఇది పెద్దపల్లి అవతల ఎలిగేడు మండలంలో ఉంది. మా కాలనీలో సగంమందికి పేరు కూడా తెలియదు. రెండువేల ఏళ్ళ పైబడిన బౌద్ధ స్తూపం అక్కడ 1970లలో తవ్వకాల్లో బయటపడింది. పొలాల మధ్య మట్టిదిబ్బ, దాని చుట్టూ సున్నపురాతి పలకలు. పలకల మీద అయిదు పడగల నాగుపాము ముచిలిందుడు. బుద్ధుడు ధ్యానంలో ఉండగా గాలివాన వస్తే, ఈ నాగరాజు పడగ విప్పి గొడుగు పట్టాడట. బుద్ధుడి బొమ్మ ఉండదు, పాదాలూ గుర్తులే ఉంటాయి. అప్పటికింకా మనిషి రూపంలో చెక్కే అలవాటు రాలేదు. మా రాజస్థాన్ పిల్ల "సాంచీ గురించి చదివాను గానీ, ఇక్కడ ఇదుందని ఎవరూ చెప్పలేదే!" అని పలక ముందు చతికిలబడిపోయింది. మా వారు మాత్రం ఆ పడగల వంక చాలాసేపు చూసి, "సపోర్టు మంచిగ పెట్టిండ్రు" అన్నారు! పైకప్పు కూలకుండా దిమ్మెలూ బోల్టులూ పెట్టడమే జీవితమంతా చేసిన మనిషికి నాగరాజు కూడా తన డ్యూటీవాడిలాగే కనిపించాడు మరి.

ఇక ఊళ్ళోకి వస్తే, రామగుండం అన్న పేరే గుండాల వల్ల వచ్చింది. పాత రామగుండంలో గుట్ట మీద రాముని గుండాలున్నాయి. మొత్తం నూటెనిమిది అంటారు పెద్దవాళ్ళు, లెక్కపెట్టినవాళ్ళు మాత్రం నాకు కనపడలేదు. రాముడు వనవాసంలో ఇక్కడ ఆగాడని నమ్మకం. ఆ గుట్ట నుంచి చూస్తే 1971 నుంచి నడిచి 2024లో ఆగిపోయిన బీ థర్మల్ పవర్ హౌస్ కనపడుతుంది. పొగ లేని పొగగొట్టం! ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2022లో 100 మెగావాట్ల సౌరపలకలు తేలేటట్టు పరిచారు. 500 ఎకరాల నీళ్ళ మీద నీలం చాప పరిచినట్టుంటుంది. మంథనిలో గోదావరి ఒడ్డు గౌతమేశ్వరాలయం, పాతకాలపు ఇళ్ళు చూడొచ్చు. పి.వి. నరసింహారావు గారు 1957 నుంచి 1977 దాకా ఎమ్మెల్యేగా ఉన్నది ఆ మంథనికే. సబ్బితం జలపాతం వానాకాలంలోనే బాగుంటుంది, కానీ నాచు పట్టిన బండలు ప్రమాదం. సెల్ఫీల పిచ్చి ఉన్న పిల్లల్ని నేనైతే తీసుకుపోను.

మరి బొగ్గు? అది చూడకుండా ఖని చూసినట్టెలా అవుతుంది? 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గు కనిపెడితే, 1889లో తవ్వకం మొదలైంది. మా వైపు 1961లో మొదటి గని వచ్చింది. 2022 డిసెంబరులో ఆర్టీసీతో కలిసి సింగరేణి దర్శన్ అని హైదరాబాద్ నుంచి బస్సు యాత్ర కూడా మొదలుపెట్టారు. విడిగా చూడాలంటే కంపెనీ అనుమతి ఉండాలి. కాలేజీ తరఫున అడిగిస్తే మంచిది. ఓపెన్‌కాస్టు అంచున నిలబడితే కింద పెద్ద పెద్ద డంపర్లు చీమల్లా కనపడతాయి. పాతికకోట్ల ఏళ్ళ కింద ఇదంతా అడవీ బురదనేలా అని చెబితే పిల్లలు నోళ్ళు తెరిచారు. నాకైతే ఆ గొయ్యి చూస్తే దాని కింద పోయిన ఊళ్ళే గుర్తొస్తాయి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ వేళ మా వంటింట్లో గ్లాసులు గణగణమంటాయి, అది కూడా చూపించాను, అనగా వినిపించాను.

ఆ రోజే మా అమ్మాయి అడిగింది, "నాన్నా, 2003లో నువ్వెక్కడున్నావు?" అని. ఆ ఏడాది జూన్ 16న ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. ఆయన డ్యూటీ వేరే బాయిలో. "ఇంటికాడ" అని ఒక్క మాటనేసి లేచి వెళ్ళిపోయారు. ఆ రాత్రి కాలనీలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. నేనే చెప్పాను పిల్లలకు. డాక్టర్లు కాబోయేవాళ్ళు, తెలుసుకోవాలి కదా. 1990ల మొదట్లో కంపెనీలో లక్షకు పైగా మనుషులుండేవాళ్ళు. ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. బాయిలు ఒకటొకటీ మూతపడుతున్నాయి. ఆ పిల్లలు డాక్టర్లయ్యేటప్పటికి ఇంకెన్ని ఉంటాయో!

ఇక కానుకల సంగతి. చెయ్యి తిరిగిన పనివాళ్ళ వస్తువు కావాలంటే కరీంనగర్ వెండి తీగపని ఉండనే ఉంది. ఎలగందులలో పుట్టి కరీంనగర్ చేరిన పని, 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుంకుమ భరిణె, చిన్న నెమలి వంటివి చూడ ముచ్చటగా ఉంటాయి. కానీ వెండి ధర ఇప్పుడున్న తీరులో హాస్టలు పిల్లలు ఏం కొంటారు? ముగ్గురు నలుగురు కలిసి ఒక టీచరుకు ఇవ్వడానికైతే సరే. గొంగడి నాకు నచ్చింది. కురుమలు గొర్రెబొచ్చుతో నేసి, చింతగింజల గంజి పట్టించి గట్టిగా చేస్తారు. రాజస్థాన్ పిల్ల దాన్ని చేత్తో తడిమి, "మా దాదీ దగ్గర ఇలాంటిదే ఉంది" అంది. తాతకు ఒకటి కొంది. జగిత్యాల వైపు పసుపు కొమ్ములు కూడా మంచివి. పావుకిలో గుడ్డసంచిలో కట్టిస్తే ఏ తల్లీ వద్దనదు.

వాళ్ళమ్మకి మాత్రం సకినాలు పంపాలని నేనే పట్టుబట్టాను. కొన్నవి కాదు, ఆ పిల్ల చేత్తో చుట్టినవి. కిలో కొత్తబియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వడకట్టి, తడి ఆరకుండానే పిండి పట్టించాలి. పావుకిలో నువ్వులు, మూడు చెంచాల వాము, తగినంత ఉప్పు వేసి, నీళ్ళు చిలకరిస్తూ మెత్తగా కలపాలి. పిండిలో నూనె, వెన్న వెయ్యకూడదు. శుభ్రమైన పాత నూలుచీర పరిచి, పిండిని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెలితిప్పుతూ మూడు నాలుగు చుట్లు చుట్టాలి. చీర తడి పీల్చుకున్నాక అట్లకాడతో నెమ్మదిగా లేపి, కాగిన నూనెలో మధ్యస్థం సెగ మీద వేయించాలి. తొందరపడి లేపితే విరుగుతాయి. ఎర్రబడనివ్వకండి, తెల్లగా ఉండగానే తియ్యాలి.

సంక్రాంతికి మా క్వార్టరు ముందుగదిలో చీర పరిచి ముగ్గురు పిల్లల్నీ కూచోబెట్టాను. చుట్టుపక్కల క్వార్టర్ల నుంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చి కలిశారు. రాజస్థాన్ పిల్ల చుట్టినవి మొదట వానపాముల్లా వచ్చాయి. రెండుగంటలకు చెయ్యి తిరిగింది. వంకర సకినాలు విడిగా పెడదామంటే వద్దంది, "ఇవే అమ్మకి" అని. స్టీలు డబ్బాలో అడుగున కాగితం పరిచి, నిలువుగా కాకుండా పడుకోబెట్టి పేర్చి, సందుల్లో పేలాలు పోశాను. రైలు కుదుపులకు విరగకుండా అది మా అత్తగారి ఉపాయం.

వారం తర్వాత వాళ్ళమ్మ మా అమ్మాయి ఫోనుకు వీడియోకాల్ చేసింది. నాకు హిందీ అంతంతమాత్రం, ఆవిడకు తెలుగు సున్నా. డబ్బా మూత తీసి చూపించింది, అడుగున నాలుగో అయిదో మిగిలాయి. పక్కింటివాళ్ళందరికీ పంచిందట. "గోదావరిఖని సే" అని ఊరి పేరు చక్కగా పలికింది. వచ్చే ఏడు సంక్రాంతికి తనే వస్తుందట, చుట్టడం నేర్చుకోవడానికి. మా వారు పక్కనే ఉండి, అప్పటికి క్వార్టరు ఉండదు కదా అన్నట్టు నా వంక చూశారు. నేను "రండి రండి" అనేశాను. అప్పటినుంచి మార్కండేయ కాలనీలో రెండుగదుల ఇల్లు అద్దెకేమైనా ఉందేమోనని వాకబు చేస్తున్నాను. అబ్బాయికి ఇంకా చెప్పలేదు.