కొళాయి పన్నుకో డబ్బా

ఎండాకాలం వచ్చిందంటే మా చోడవరంలో తెల్లారగట్ట కొళాయి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని పడుకోవడం నాకలవాటు. ముందు 'సుయ్' మని గాలి వస్తుంది, ఆ తర్వాత నీళ్ళు. బిందెలు, బకెట్లు, చివరికి పప్పు కుక్కరు కూడా నింపేస్తాను.

అలాంటిదాన్ని, కిందటేడు కొళాయి పన్ను కట్టాల్సొస్తే "ఇంతా!" అని సణిగాను. మావారు పేపర్లోంచి తలెత్తకుండానే, "మరి తాగే నీళ్ళ డబ్బాకెంత పోస్తున్నావు?" అన్నారు.

పద్దుల పుస్తకం తీశాను. 20 లీటర్ల డబ్బా 20 రూపాయలు. అంటే లీటరు రూపాయి! జలజీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు కావాలి. మా నలుగురికీ 220 లీటర్లు. అవన్నీ డబ్బా ధరకే కొంటే నెలకి 6,600 రూపాయలు! ఇంక నోరెత్తలేదు.

కానీ మా వీధి చివర ఇడ్లీలు వేసే అప్ప మాట వేరు. "ఏడాదిది ఒక్కపాలే కట్టమంటే ఎక్కడ్నించి తెత్తానమ్మా? నెలకింతని అయితే ఇచ్చేత్తాను" అంది. నిజమే కదా!

ప్రభుత్వం డబ్బివ్వదా అంటే ఇస్తుంది. 2019లో మొదలైన జలజీవన్ మిషన్‌కి మన రాష్ట్రంలో కేంద్రం సగం, రాష్ట్రం సగం పెట్టుకోవాలి. 2024కే పూర్తి కావలసిన ఆ పథకాన్ని 2025 బడ్జెట్లో 2028 దాకా పొడిగించారు. ఆ డబ్బు ట్యాంకులకీ, గొట్టాలకీ. మోటారు కరెంటు బిల్లు, వాల్వు తిప్పే మనిషి జీతం, బ్లీచింగు పౌడరు నెలనెలా ఉండే ఖర్చులు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీల గ్రాంటులో 60 శాతం మంచినీళ్ళకీ, పారిశుధ్యానికీ కేటాయించింది. అయినా మన పన్ను కూడా తోడవ్వాల్సిందే. పుట్టింటివాళ్ళు స్టవ్వు కొనిచ్చారని గ్యాసు కూడా వాళ్ళే నింపరు కదా!

అందుకే మా డ్వాక్రా మీటింగులో, పొదుపుతోపాటు నెలనెలా కొళాయి పన్నుకీ కాస్త ఒక డబ్బాలో వేద్దామన్నాను. అందరికంటే ముందు చెయ్యెత్తింది అప్పే. ఈ ఏడు నాకంటే ముందు రసీదు తెచ్చుకుని మరీ చూపించింది.

అయితే పింఛను మీదే బతికే ఒంటరి ముసలమ్మలకి ఆ కాస్తా బరువే. కొళాయి రుసుం ఎంతో నిర్ణయించుకునే వీలు పంచాయతీకి ఉంది. అలాంటివాళ్ళకి తగ్గించమని, మిగిలినవాళ్ళకి నెలవారీ కట్టే సదుపాయం ఇమ్మని గ్రామసభలో అడగొచ్చు. బిందె మోసేది మనం. మనమే వెళ్ళకపోతే అక్కడ నీళ్ళ మాట ఎవరెత్తుతారు చెప్పండి?